శాంతింపజేయడం, చల్లార్చడం

నంద్యాల, ఆళ్లగడ్డల వైపు ఏ ఊళ్లో గొడవ రేగినా, మర్నాడు పత్రికలో కనిపించే మాట 'ఉద్రిక్తత సద్దుమణిగింది'. సద్దు అంటే చప్పుడు. చప్పుడు అణిగిందని తెలుస్తుంది గానీ, ఎవరివల్ల, ఎలా అణిగిందో తెలియదు. అది చెప్పే క్రియలు మనకు రెండున్నాయి: శాంతింపజేయడం, చల్లార్చడం. మొదటిదాని తత్వం ఆళ్లగడ్డ పక్కన అహోబిలంలో తెలుస్తుంది. రెండోదానిది నంద్యాల పక్కన మహానందిలో.

అహోబిలం కథ అందరూ ఎరిగిందే. హిరణ్యకశిపుణ్ణి చీల్చాక కూడా నరసింహుడి కోపం దిగలేదు. భాగవతంలో లక్ష్మీదేవే దగ్గరికి వెళ్లడానికి జంకింది. పసివాడు ప్రహ్లాదుడు వెళ్లి స్తుతించాడు. స్థానిక కథలో ఆ పని చెంచులక్ష్మిది. ఎవరు చేసినా, ఎదుటికి పోగల చనువు కావాలి. చెంచులక్ష్మిని పెళ్లాడాడు కాబట్టే చెంచులకు ఆ స్వామి ఇంటి అల్లుడు. సంక్రాంతికి మొదలయ్యే పారువేటలో ఆయన దాదాపు నలభై రోజులు పల్లకిలో ఊరూరా తిరిగి తన పెళ్లికి పిలుస్తాడు. చెంచులు ఆ పల్లకి మీదికి బాణాలు వేస్తారు. బాణం అక్కడ చుట్టరికానికి గుర్తు.

మహానందిలో అయితే బతిమాలేవాళ్లు లేరు, నీళ్లున్నాయి. కోనేటి అడుగు తేటగా కనిపిస్తుంది. ఊట ఆగదు, వచ్చిన నీరు నిలవకుండా పొలాలకు, అరటి తోటలకు పోతుంది. స్థలపురాణంలో, పుట్టలోని బాలశివుడికి పాలిచ్చే ఆవు రాజు అలికిడికి బెదిరి పుట్టను తొక్కింది. శివుడు ఆగ్రహించలేదు.

అహోబిలంలో నవ నరసింహులు. అలాగే ఇక్కడ నవ నందులు. రెండు క్షేత్రాలకూ నల్లమలే నీడ. 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలోనే రెండూ ఉన్నాయి. తేడా మాత్రం చిన్నది కాదు. శాంతించాల్సింది కోపగించినవాడే, కాబట్టి అతని మనసు ఒప్పుకోవాలి. చల్లార్చడానికి ఆ ఒప్పుదల అక్కర్లేదు. పాలను గ్లాసులోంచి గ్లాసులోకి తిరగబోసినట్టు, ఓపిగ్గా వేడిని బయటికి పంపితే చాలు. మొదటిది మనిషి మీద ఆధారపడుతుంది కాబట్టి ఆ మనిషి లేకపోతే ఆగిపోతుంది. రెండోది సమయం మీద ఆధారపడుతుంది కాబట్టి తొందరపడితే చెడుతుంది.

అయినా రెండు క్షేత్రాలూ ఒక్క విషయంలో కలుస్తాయి. ఎగువ అహోబిలంలో, నరసింహుడు చీల్చుకుని వచ్చాడని చెప్పే ఉగ్రస్తంభం ఇంకా నిలిచే ఉంది. అలాగే మహానంది లింగం మీద ఆవు గిట్ట గుర్తు ఉంది. జరిగినదాన్ని ఎవరూ చెరపలేదు, దాచలేదు. కక్షలతో కాలిన ఈ సీమకు ఇంతకన్నా పనికొచ్చే పాఠం నాకు కనిపించదు. దెబ్బను ఒప్పుకుంటూనే వేడి తగ్గించాలి. ముందు చనువున్నవాడు వెళ్లి శాంతింపజేయాలి. ఆ తర్వాత ఊరంతా కలిసి, ఏళ్ల తరబడి చల్లార్చాలి. ఈ రెండూ జరగని చోట సద్దు మాత్రమే మణుగుతుంది, కక్ష అలాగే మిగులుతుంది.