షేక్‌స్పియర్ జన్మగృహం: కలప చట్రం, పునరుద్ధరణ – ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
ఇంగ్లండులోని స్ట్రాట్‌ఫర్డ్ పట్టణంలో షేక్‌స్పియర్ జన్మగృహంగా ప్రసిద్ధమైన కలప చట్రపు ఇంటి నిర్మాణాన్ని, చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 19వ శతాబ్దిలో జరిగిన పునరుద్ధరణను గ్రంథపరిష్కరణ దృష్టితో అంచనా వేస్తుంది.

కీలకపదాలు: షేక్‌స్పియర్, కలప చట్రం, పునరుద్ధరణ, పాఠపరిష్కరణ, మూలప్రతి.

1. ప్రవేశిక:
వావిలాల వాసుదేవశాస్త్రి, కందుకూరి వీరేశలింగం అనువాదాల కాలం నుంచి షేక్‌స్పియర్ నాటకాలు తెలుగువారికి పరిచితాలే. ఆ నాటకాల పాఠాలపై జరిగినంత చర్చ ఆయన ఇంటిపై జరగలేదు. నిజానికి ఆ ఇల్లు కూడా పలు చేతులు మారి, పలు మార్పులకు లోనై, చివరకు పరిష్కర్తల చేతిలో రూపుదిద్దుకొన్న ఒక పాఠమే.

కవికి 1564 ఏప్రిల్ 26న జ్ఞానస్నానం జరిగినట్లు చర్చి దస్తావేజు చెబుతుంది. ఏ ఇంట పుట్టాడో చెప్పే దస్తావేజు లేదు. తండ్రి జాన్ షేక్‌స్పియర్ హెన్లీ వీధిలో పెంట పోగు వేసినందుకు 1552లో జరిమానా కట్టాడు. ఆ వీధితో ఆయనకున్న సంబంధానికి తొలి ఆధారం ఇదే. మిగిలినది ఆస్తి పత్రాలు, సంప్రదాయం కలిసి నిలబెట్టిన నమ్మకం.

2. నిర్మాణ పద్ధతి:
ఈ ఇంటిలో బరువు మోసేది గోడ కాదు, చట్రం. విల్మ్‌కోట్ ప్రాంతపు నీలిబూడిద రంగు రాతి పునాదిపై ఓక్ కలప నిలువు స్తంభాలు, అడ్డ దూలాలు నిలిపారు. ఒక దూలం కొనను సన్నగా చెక్కి, మరొక దానికి తొలిచిన బెజ్జంలో దూర్చి, కొయ్య మేకులతో బిగించడం ఈ పద్ధతి. దూలాల నడుమ ఖాళీలను తడికెలు అల్లి, మట్టి మెత్తి పూడ్చారు.

కింద ముందు గది, పెద్ద పొయ్యి ఉన్న నడిమి గది, జాన్ చేతితొడుగులు కుట్టించిన పనిచోటు ఉన్నాయి. పైన పడకగదులు. కవి పుట్టినదిగా చూపే గది వీటిలో ఒకటి. బరువంతా చట్రానిదే కాబట్టి తడికె తీసి ఇటుక పెట్టినా, ముఖభాగం మార్చినా లోపలి నిర్మాణం చెక్కుచెదరదు. ఇల్లు ఇన్ని మార్పులకు తట్టుకోవడానికి కారణం ఈ గుణమే.

3. చేతులు మారిన ఇల్లు:
1601లో తండ్రి మరణించాక ఇల్లు కవికి దక్కింది. అందులో ప్రధాన భాగాన్ని ఆయన అద్దెకిచ్చాడు. అది సత్రంగా మారింది. పక్క భాగంలో చెల్లెలు జోన్ హార్ట్ నివసించింది. ఏడాదికి 12 పెన్నీల నామమాత్రపు అద్దెపై ఆమె అక్కడే ఉండవచ్చని కవి వీలునామాలో రాశాడు. కుమార్తె సుసానా, మనుమరాలు ఎలిజబెత్‌ల తర్వాత 1670లో ఇల్లు హార్ట్ వంశానికి చేరింది. 1806లో థామస్ కోర్ట్ అనే మాంసం వ్యాపారి దాన్ని కొన్నాడు. ఈ రెండు శతాబ్దాలలో అది సత్రం, నివాసం, మాంసం దుకాణం. సత్రం ముఖానికి ఇటుక కట్టడం వచ్చింది, పైకప్పు కిటికీలు పోయాయి.

4. పునరుద్ధరణ – పరిష్కరణ:
1847లో జరిగిన వేలంలో 3,000 పౌండ్లకు ఇల్లు ప్రజల పక్షాన కొనుగోలైంది. 1857–64 మధ్య పునరుద్ధరణ సాగింది. దానికి ముఖ్య ఆధారం 1769లో అచ్చయిన ఒక చిత్రం. ఇటుక ముఖం తొలగింది, పైకప్పు కిటికీలు తిరిగి వచ్చాయి. అగ్నిప్రమాద భయంతో ఇరుపక్కల ఇళ్లను కూల్చివేశారు.

గ్రంథపరిష్కర్త ఒక ప్రతిని ప్రామాణికంగా ఎంచుకొంటే తక్కిన పాఠభేదాలను అధోజ్ఞాపికల్లో చూపుతాడు. ఇక్కడ ఆ అవకాశం లేదు; తీసివేసిన ఇటుకకు అధోజ్ఞాపిక ఉండదు. పైగా ఎంచుకొన్న చిత్రం మూలప్రతి కాదు, కవి జననానికి రెండు వందల ఏళ్ల తరువాతి ప్రతి. వీధి వరుసలో ఒకటిగా కట్టిన ఇల్లు నేడు ఒంటరిగా నిలబడడం కూడా పరిష్కరణ ఫలితమే.

ఎంపికలో మరొక అసమానత ఉంది. సందర్శకులు పేర్లు గీసిన జన్మగది కిటికీ అద్దాలను నేటికీ భద్రపరిచారు. వాటిపై వాల్టర్ స్కాట్, థామస్ కార్లైల్ సంతకాలున్నాయి. అవీ 16వ శతాబ్దివి కావు. కాలమే కొలమానమైతే అవీ పోవలసినవే. ప్రసిద్ధుల గీతలు చరిత్రగా నిలిచాయి. సత్రం నడిపినవారి ఇటుక గోడ చరిత్రకు అడ్డుగా తోచింది. ఇది వాస్తు నిర్ణయం కాదు, విలువల నిర్ణయం.

5. ముగింపు:
ఈ విమర్శ పునరుద్ధరణను నిరర్థకమనడానికి కాదు. కలప ఇంటికి నిప్పు భయం నిజమైనదే. 1847 నాటి కొనుగోలు లేకపోతే ఇంటి భవితవ్యం మరొకరి లాభాపేక్షపై ఆధారపడి ఉండేది. లోపలి ఓక్ చట్రంలో ప్రాచీన భాగం ఇప్పటికీ నిలిచి ఉంది. అయితే వీధి నుంచి కనిపించే ముఖం 1564 నాటిది కాదు, 1564 గురించి విక్టోరియా యుగం చేసిన వ్యాఖ్యానం. వ్యాఖ్యానాన్ని మూలంగా పొరబడకుండా చదవడం గ్రంథానికి ఎంత అవసరమో గృహానికీ అంతే అవసరం. జోన్ హార్ట్ కుటుంబం, సత్రం నడిపినవారు, మాంసం వ్యాపారి ఆ పాఠంలో ప్రక్షిప్తాలు కారు. వారు వాడుకొన్నందువల్లనే ఆ ఇల్లు పరిష్కర్తల చేతికి అందేంతవరకు నిలిచింది.