సరిగ్గా పదింబావుకి!

మన డిటెక్టివ్ నవలల్లో పోలీసు డాక్టరుగారికి వున్న దివ్యదృష్టి ఏ జ్యోతిష్కుడికీ లేదు. శవం చెయ్యి ఓసారి ఎత్తి చూస్తాడు. లేచి చేతులు తుడుచుకుంటూ, "రాత్రి సరిగ్గా పదింబావుకి ప్రాణం పోయింది" అంటాడు. ఇక ఆ వేళకి ఎవరెక్కడున్నారో కనుక్కుంటే కథ కంచికే!

ఒకర్ని అనడమెందుకు? నేనూ అలాగే రాశాను. డాక్టరీ చదివే మా మేనకోడలు అది చదివి పకపకా నవ్వింది. "అత్తా, శవం చేతి వాచీ చూశాడా మీ డాక్టరు?" అంది. బి.ఏ.తో సరిపెట్టుకున్నదాన్ని, ఉక్రోషమొచ్చి దాని పుస్తకమే లాక్కుని చదివాను.

ప్రాణం పోయాక ఒళ్ళు చల్లబడుతుంది, బిగుసుకుంటుంది, మళ్ళీ సడలుతుంది. నిజమే. కాని ఎంతసేపటికి? మే నెల బెజవాడలో ఒక లెక్క, డిసెంబరు అరకులో మరో లెక్క. లావు మనిషికి ఒకటి, బక్క మనిషికి ఒకటి. కప్పుకున్న దుప్పటి కూడా లెక్క మార్చేస్తుంది. శరీరంలో వేడి, గదిలో వేడి, మనిషి బరువు అన్నీ చూసి కట్టే మంచి లెక్కలో కూడా ఇటు మూడు గంటలు, అటు మూడు గంటలు తేడా రావచ్చట!

నవల్లో అయితే పోనీ అనుకోవచ్చు. కెనడాలో 1959లో పన్నెండేళ్ళ పిల్ల హత్యకు గురయింది. రెండు రోజులకు శవం దొరికింది. కడుపులో అరగకుండా మిగిలిన తిండి చూసి, ఆ సాయంత్రం 7.45 లోపే పోయిందన్నాడు డాక్టరు. ఆ వేళప్పుడు ఆమెను సైకిలు మీద తీసుకెళ్ళిన 14 ఏళ్ళ స్టీవెన్ ట్రస్కాట్‌కు ఉరిశిక్ష వేశారు. తర్వాత దాన్ని యావజ్జీవంగా మార్చారు. 1966లో ఇసబెల్ లెబోర్డే అనే రచయిత్రి ఆ విచారణను నిలదీస్తూ పుస్తకం రాసింది. దేశమంతా గగ్గోలు పుట్టినా, 1967లో సుప్రీంకోర్టు శిక్ష సరైనదేనంది. చివరికి 2007లో అప్పీలు కోర్టు తీర్పు కొట్టేసేసరికి ఆ కుర్రాడికి 62 ఏళ్ళు.

ఆవిడా రచయిత్రే, నేనూ రచయిత్రినే! ఆవిడ డాక్టరు మాటను ప్రశ్నించింది. నేను పాఠకుల చేత నమ్మించాను.

రెండో ముద్రణలో మా డాక్టరు చేత "తొమ్మిదికీ ఒంటిగంటకీ మధ్య" అనిపించాను. అనుమానితులు ఒకరికి అయిదుగురయ్యారు, కథ రెండు ప్రకరణాలు పెరిగింది. మా మేనకోడలు ఈసారి నవ్వలేదు. హంతకుడెవరో చివరిదాకా కనిపెట్టలేకపోయింది కూడా.