గడియారం ముందు ఒకరు, పెరట్లో ఇద్దరు

అలెగ్జాండర్ పేన్ తీసిన ‘అబౌట్ ష్మిట్’ (2002) ఖాళీ చేసిన ఆఫీసు గదిలో మొదలవుతుంది. ఫైళ్ళన్నీ అట్టపెట్టెల్లో సర్దేసి గోడవారగా పేర్చి ఉంటాయి. చెయ్యాల్సిన పనేమీ మిగల్లేదు. అయినా వారెన్ ష్మిట్ కోటు వేసుకుని, కుర్చీలో బిగుసుకుపోయి, గోడ గడియారం వంకే చూస్తుంటాడు. ముల్లు అయిదు దగ్గరకు వచ్చేదాకా లేవడు. ఒమాహా నగరంలోని బీమా కంపెనీలో ఆక్చువరీగా ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి అతను. ష్మిట్‌గా నటించిన జాక్ నికల్సన్ ఈ సన్నివేశంలో ఒక్క మాట మాట్లాడడు. మాట్లాడి ఉంటే ఇంత భయం వేసేది కాదు.

తనికెళ్ళ భరణి ‘మిథునం’ (2012)లో అప్పదాసు కూడా రిటైరైనవాడే, బడిపంతులు. శ్రీరమణ కథ ఆధారంగా తీసిన ఈ సినిమాలో తెర మీద కనిపించేది ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి ఇద్దరే. పల్లెటూరి ఇల్లు, చుట్టూ పెరడు, నోటికి రుచిగా తిండి, దాని మీద అలకలు, పోట్లాటలు. అప్పదాసుకు గడియారంతో పనిలేదు.

రెండు కథల్లోనూ డబ్బు సమస్య కాదు, అందుకే వీటిని పక్కపక్కన పెట్టి చూడాలి. ష్మిట్‌కు పెన్షన్ ఉంది, ఊళ్ళు తిరగడానికి పెద్ద విన్నెబాగో బండి ఉంది. అప్పదాసు దంపతుల అవసరాలే తక్కువ, ఉన్నది సరిపోతుంది. లెక్కలు కుదిరాక కూడా మనిషికి ఇంకా ఏం కావాలన్నది ఇక్కడ విడిగా కనిపిస్తుంది.

రిటైరైన కొద్ది రోజులకే ష్మిట్ మళ్ళీ ఆఫీసుకు వెళతాడు. తన కుర్చీలో కూర్చున్న కుర్రవాడికి ఏమైనా సందేహాలుంటే తీరుద్దామని. ఆ కుర్రవాడు మర్యాదగా నవ్వుతాడు, అంతా బాగానే నడుస్తోందంటాడు, అంతే మర్యాదగా సాగనంపుతాడు. కింద బయటికి వెళుతుంటే, తాను అంత శ్రద్ధగా సర్దిన పెట్టెలు చెత్తతో పాటు పడేసి ఉంటాయి. మన ఆఫీసుల్లోనూ శాలువా కప్పించుకుని వెళ్ళిన పెద్దమనిషి పది రోజులకే పాత సెక్షన్‌లోకి వచ్చి, కుర్చీ చూపించేవాళ్ళు లేక కాసేపు నిలబడి వెళ్ళిపోవడం చూస్తూనే ఉంటాం. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ కాగితాలు ముందుగానే సిద్ధం చేసుకుంటాం. ఆ మర్నాటి ఉదయానికి మాత్రం ఏ ఏర్పాటూ ఉండదు. ఉద్యోగ విరమణ వయసును ఆంధ్రప్రదేశ్‌లో 62కీ, తెలంగాణలో 61కీ పెంచారు. పెంచితే ఆ ఉదయం కొంచెం ఆలస్యంగా వస్తుందంతే.

అప్పదాసుకు ఆ ఉదయం గండం కాలేదు. అతని ఉద్యోగ కాలాన్ని సినిమా చూపించదు గానీ, మట్టితో, మొక్కలతో ఆ చనువు రిటైరయ్యాక నేర్చుకున్నది కాదని చూస్తేనే తెలుస్తుంది. బడి ఉన్న రోజుల్లోనే బడి బయట ఒక బతుకు నడిచి ఉండాలి. ష్మిట్‌కు లేనిది అదే. ‘మిథునం’ చూసి, రిటైరయ్యాక ఊళ్ళో ఇల్లు కట్టుకుని మొక్కలు పెంచుకుంటామనే స్నేహితులు నాకు చాలామంది ఉన్నారు. ఇన్నేళ్ళలో బాల్కనీలో తులసి మొక్కకు కూడా వాళ్ళు నీళ్ళు పోసిన పాపాన పోలేదు. వాళ్ళ గురించి నాకు నిజంగానే బెంగ.

పిల్లల విషయంలో రెండు సినిమాలూ కఠినంగానే ఉన్నాయి. డెన్వర్‌లో ఉన్న కూతురి పెళ్ళికి ముందే వెళ్ళి సాయపడదామని ష్మిట్ బయల్దేరితే, ఇప్పుడే రావద్దని ఆమె ఫోన్‌లోనే చెప్పేస్తుంది. అప్పదాసు పిల్లలు విదేశాల్లో ఉన్నారు. ఆ దంపతులు మాత్రం తమ గడప దాటాలనుకోరు. పిల్లల మీద ప్రేమ లేక కాదు, తమ రోజును తామే నింపుకోగలరు కాబట్టి.

ష్మిట్ మనసు విప్పేది టాంజానియాలోని ఆరేళ్ళ ఎన్‌డుగు దగ్గర. నెలకు 22 డాలర్లు పంపి ఆదుకుంటున్న ఆ పిల్లవాడికి రాసే ఉత్తరాల్లోనే కోపం, అసూయ, ఒంటరితనం అన్నీ బయటపెడతాడు. పక్కన ఉన్న భార్య హెలెన్‌తో ఒక్కటీ చెప్పడు. తన ఇంట్లో తిరుగుతున్న ఈ ముసలావిడ ఎవరని 42 ఏళ్ళ కాపురం తర్వాత ఆశ్చర్యపోతాడు. ఆమె హఠాత్తుగా పోయాక, తాను తొమ్మిదేళ్ళలోపు పోయే అవకాశం 73 శాతమని వృత్తి ధర్మం కొద్దీ లెక్క కడతాడు. ఆ పూట ఏం తినాలో మాత్రం తెలియదు. ఇల్లంతా ఎంగిలి పళ్ళేలు, విడిచిన బట్టలు.

అప్పదాసు, అతని భార్య బుచ్చిలక్ష్మి మాత్రం రోజంతా మాట్లాడుకుంటూనే ఉంటారు. దెప్పుకుంటారు, అలుగుతారు, మళ్ళీ ఒకే విస్తరి దగ్గర చేరతారు. రిటైర్మెంట్‌కు ఇంతకంటే పెద్ద పెట్టుబడి నాకు కనిపించలేదు. కానీ ‘మిథునం’ను మెచ్చుకునేవాళ్ళు పెద్దగా పట్టించుకోని సంగతి ఒకటుంది. ఉద్యోగం నుంచి రిటైరైంది అప్పదాసు ఒక్కడే. అతని జిహ్వను కనిపెట్టుకుని ఉండే బుచ్చిలక్ష్మికి విరమణ వయసు ఏ ప్రభుత్వమూ ప్రకటించలేదు. సినిమా ఆ చాకిరీని ముచ్చటగా చూపిస్తుంది, బరువుగా చూపించదు. భరణి అక్కడ ఇంకొంచెం ఆగాల్సింది.

కథ మాత్రం ఆ బరువు తెలిసిన కథే. తనకంటే ముందు భర్తే వెళ్ళిపోవాలని బుచ్చిలక్ష్మి కోరుకుంటుంది. తాను లేకపోతే ఆయన బతకలేడని ఆమె దిగులు. పుణ్యస్త్రీగా పోవాలని నోములు నోచే సమాజంలో ఈ కోరిక ఎంత సాహసమో, ఎంత ప్రేమో చెప్పనక్కరలేదు. అయితే అందులో ఒక అభియోగం కూడా ఉంది. అన్ని పనులూ వచ్చిన మొగుణ్ణి సైతం ఒంటరిగా వదిలి వెళ్ళే ధైర్యం ఆ ఇల్లాలికి లేదు. అలా వదిలేస్తే ఏమవుతుందని ఆమె భయపడిందో, ‘మిథునం’ సినిమాకు పదేళ్ళ ముందే ఒమాహాలోని ష్మిట్ ఇంట్లో పేన్ తీసి చూపించాడు.