ఆ అయిదు నిమిషాలు

యుద్ధవిమానాలను గూర్చి సామాన్య పాఠకులకై వెలువడే పుస్తకాలలో ఒక పట్టిక తప్పకుండా ఉంటుంది. విమానం పేరు, ఇంజను పేరు, దాని కెదురుగా అశ్వసామర్థ్యం ఒకే అంకెలో. 1940లో బ్రిటను రక్షణకు పోరాడిన స్పిట్‌ఫైరుకు ఒక పుస్తకం 1,030 అని వేస్తే మరొకటి 1,310 అని వేస్తుంది. రెండూ నిజమే, రెండూ అసంపూర్ణమే.

ఆ విమానపు మెర్లిన్-3 ఇంజనులోకి సూపర్‌ఛార్జరు గాలిని వాతావరణ పీడనం కంటె చదరపు అంగుళానికి 6¼ పౌన్లు అధికంగా నెట్టేది. అంతకు చాలా మించితే 87 ఆక్టేను పెట్రోలు మంట అందకముందే తనంత తాను పేలి పిస్టనులను దెబ్బతీస్తుంది. 100 ఆక్టేను ఇంధనం వచ్చాక, అత్యవసర వేళ ఆ ఆధిక్యాన్ని 12 పౌన్లకు పెంచటానికి వీలయింది. వాతావరణ పీడనం 14.7 పౌన్లు కలిపి చూస్తే మొత్తం 20.95 నుండి 26.7కు పెరిగిందన్నమాట, అనగా 27 శాతం పైచిలుకు. 1,030కి అంత చేర్చండి, దాదాపు 1,310 వస్తుంది.

అయితే 1,030 దొరికేది 16,250 అడుగుల ఎత్తున. 1,310 దొరికేది 9,000 అడుగుల వద్ద. పైకి పోయినకొద్దీ గాలి పలుచనై సూపర్‌ఛార్జరు 12 పౌన్లను నిలుపలేదు. 16,250 అడుగులు దాటాక ఆ మీట లాగినా ఫలం సున్న. పట్టికలు ఈ సంగతిని మింగివేస్తాయి.

ఇక అయిదు నిమిషాల పరిమితి కథకుల చేతిలో మరీ వింతగా మారింది, ఆరవ నిమిషాన ఇంజను బద్దలవుతుందన్నట్లు! నిమిషానికి 2,600 చుట్లకు అరగంట అనుమతి. 3,000 చుట్లకు అయిదు నిమిషాలే. చుట్లు 15 శాతమే హెచ్చినా, జడత్వ బలాలు చుట్ల వర్గాన్నిబట్టి పెరుగుతాయి కనుక మూడోవంతు హెచ్చుతాయి. ఆ భారం బేరింగుల మీద పడుతుంది; వేడికి నూనె పలుచబడి వాటిని సరిగా కాపాడలేదు. ఒకరు ఆరు నిమిషాలు నడిపి క్షేమంగా దిగవచ్చు. ఆ అరుగుదల ఫలితం వారం తరువాత అదే విమానమెక్కిన మరొకరు అనుభవించవచ్చు. అందుకే ప్రతి వాడకాన్నీ ఇంజను దినచర్య పుస్తకంలో వ్రాయించేవారు. దీన్ని దుర్వినియోగం చేయవద్దని యుద్ధవిమాన దళాధిపతి డౌడింగ్ 1940 ఆగస్టులో హెచ్చరించవలసి వచ్చింది.

పరిమితులన్నీ కాగితపు జాగ్రత్తలేనని వాదించే రచయితలూ లేకపోలేదు. వారు జర్మనుల డి.బి. 605 ఇంజను చరిత్ర చూడాలి. 1.42 వాతావరణాల పీడనానికి రూపొందిన దానిని, 1942లో యుద్ధంలోకి దింపాక, 1.30 దగ్గరే ఆపవలసి వచ్చింది. పూర్తి శక్తికి అనుమతి 1943లోగాని రాలేదు.