పెట్టె లేని పాట

పెట్టె లేని పలక స్పీకర్‌కు ఎదురుగా నిలబడి కాసేపు వినండి. తర్వాత పాట ఆపకుండా మెల్లగా పక్కకు నడిచి, పలక అంచు మీ ముక్కుకు సూటిగా వచ్చే చోట ఆగండి. అంతవరకు నిండుగా పలికిన వాయులీనం అక్కడ చప్పున సన్నబడుతుంది. గోడల మీద నుంచి తిరిగొచ్చే నీడ మాత్రం మిగులుతుంది. ఇంకో రెండడుగులు వేసి పలక వెనక్కి వెళితే మళ్లీ నిండుగా వినిపిస్తుంది. హైదరాబాద్‌లో ఒక పెద్దాయన తన ఇంటి హాల్లో నాకు ఈ వింత చూపించారు. ద్వారం వెంకటస్వామినాయుడు గారి పాత రికార్డింగ్ పెట్టి, "ఇలా పక్కకి రండి" అన్నారు. వివరణ ఏమీ ఇవ్వలేదు. ఆ రోజు నుంచి ఏ పెట్టె స్పీకర్ విన్నా నాకు పాట కన్నా ముందు పెట్టె వినబడుతోంది.

ఆ హాల్లో ఉన్నవి ఓపెన్ బ్యాఫిల్ స్పీకర్లు. ఒక ప్లైవుడ్ పలక, దానికి బిగించిన డ్రైవర్లు, వెనక ఖాళీ. చూసినవాళ్లు "ఇంకా పూర్తి కాలేదా?" అని అడుగుతారు. పూర్తయిన స్పీకర్ అంటే అదే, ఆ ఖాళీతో సహా.

డ్రైవర్ కోన్ ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, వెనకున్న గాలి పలచబడుతుంది. ఒకే కాన్పులో పుట్టిన కవలలే అయినా ఆ రెండు శబ్దాలూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. సరిగ్గా పక్కన నిలబడితే రెండూ సమానంగా చేరి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. అందుకే ఆ స్పీకర్ చుట్టూ శబ్దం 8 అంకె ఆకారంలో పరుచుకుంటుంది. మామూలు పెట్టె స్పీకర్ ఈ వెనక శబ్దాన్ని పట్టుకుని బంధిస్తుంది. బంధించిన శబ్దం ఊరుకుంటుందా? చెక్క గోడల్ని వణికిస్తుంది, లోపల కొట్టుకుని పలచని కోన్ గుండానే ఆలస్యంగా బయటికొస్తుంది. గాయకుడి గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు అనిపించడానికి ఒక పెద్ద కారణం ఇదే. ఓపెన్ బ్యాఫిల్ చేసేవాళ్లు ఆ బందీని విడిచిపెట్టారు.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1925లో జనరల్ ఎలక్ట్రిక్‌లో రైస్, కెలాగ్ అనే ఇద్దరు ఇప్పటి కోన్ స్పీకర్‌కు రూపమిచ్చారు. మన తాతల కాలపు వాల్వు రేడియోలకు వీపు తెరిచే ఉండేది, చిల్లుల అట్ట ఒకటి అడ్డం, అంతే. రేడియోను గోడకు ఆనించకుండా జానెడు ఇవతలికి జరిపితే గొంతు విప్పుకునేదని మా పెద్దలు చెప్పగా విన్నాను. 1954లో ఎడ్గార్ విల్చర్ చిన్న మూసిన పెట్టెలోంచి లోతైన బేస్ రప్పించాక లోకమంతా పెట్టెల వెంట పడింది. అయినా 1957లో ఇంగ్లండ్‌లో పీటర్ వాకర్ తెచ్చిన క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్ పెట్టె లేకుండానే రెండు వైపులా పలికింది. మనిషి గొంతును అంత సహజంగా వినిపించిన స్పీకర్ ఇంకోటి లేదని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

కోన్ డ్రైవర్లతో ఆ పని చేసి చూపించినవాళ్లలో నేను చేతులెత్తి మొక్కేది సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్‌కు. 1935లో జర్మనీలో పుట్టి, డార్మ్‌స్టాట్‌లో చదివి, 1961లో కాలిఫోర్నియా చేరి హ్యూలెట్ ప్యాకార్డ్‌లో రేడియో తరంగాలు కొలిచే పరికరాలు తయారుచేశారు. స్పీకర్లు ఆయనకు ఇంటి పని. సహోద్యోగి రస్ రైలీతో కలిసి సాధించిన, శబ్దాన్ని డ్రైవర్ల మధ్య పంచే క్రాసోవర్ లెక్కను 1976లో ప్రచురించారు. లింక్‌విట్జ్-రైలీ అన్న ఆ జంట పేరు వినని సౌండ్ ఇంజనీరు ఉండడు. మన ఊరేగింపుల్లో తిరిగే డీజే బండి మీద ప్రాసెసర్ మెనూ తెరిచి చూడండి, 'ఎల్-ఆర్ 24' అని కనబడుతుంది. అది వీళ్లదే.

ఆయన చివరి ఏళ్ల పనితనమంతా ఎల్ఎక్స్521 అనే స్పీకర్‌లో ఉంది. కింద రెండు 10 అంగుళాల వూఫర్లు, పైన పలక మీద ఒక 8 అంగుళాల డ్రైవర్, దానిపైన 4 అంగుళాలది, చివర ముందొకటి వెనకొకటి ట్వీటర్లు. పలక కింద వెడల్పుగా మొదలై పైకి పోయేకొద్దీ మెట్లుమెట్లుగా సన్నబడుతుంది. అది అలంకారం అనుకుంటే పొరపాటు. శబ్దం సన్నమయ్యేకొద్దీ, అంటే హెర్ట్జ్ పెరిగేకొద్దీ తరంగం పొట్టిదవుతుంది. పలక కూడా దానితోపాటు సన్నబడితేనే ఆ 8 అంకె ఆకారం చెదరదు. వూఫర్ల వణుకు పై పలకకు పాకకుండా మధ్యలో వంతెనలాంటి విడి చట్రం పెట్టారు. ఎంత ఆలోచన! 2018లో ఆయన పోయారు. తన లెక్కలు, కొలతలు, చేసిన తప్పులతో సహా అందరూ చదువుకునేలా రాసిపెట్టి మరీ పోయారు.

ఇక్కడ ఒక కఠినమైన నిజం ఉంది. వెనక శబ్దాన్ని వదిలినందుకు బేస్‌తో మూల్యం కట్టాలి. వెనక శబ్దం పలక చుట్టూ తిరిగి ముందుకు రావడానికి 34 సెంటీమీటర్ల దారి ఉందనుకుందాం. 500 హెర్ట్జ్ దగ్గర రెండు శబ్దాలూ కలిసి బలపడతాయి. అక్కడి నుంచి కిందికి దిగేకొద్దీ చెరిపివేత మొదలై, ప్రతి అష్టకానికి, అంటే హెర్ట్జ్ సగమైన ప్రతిసారీ, 6 డీబీల చొప్పున పడిపోతుంది. 42 హెర్ట్జ్‌కు వచ్చేసరికి అదే వూఫర్ మూసిన పెట్టెలో ఇచ్చేదానికన్నా సుమారు 12 డీబీలు తక్కువ ఇస్తుంది. ఆ లోటు పూడ్చాలంటే కోన్ నాలుగు రెట్లు ఎక్కువ కదలాలి, 16 రెట్లు కరెంటు తాగాలి. ఇంకోలా చెబితే, ఒక అష్టకం కిందికి దిగినప్పుడు అదే మోతాదు శబ్దానికి పెట్టెలో కోన్ నాలుగు రెట్లు కదిలితే, ఓపెన్ బ్యాఫిల్‌లో ఎనిమిది రెట్లు కదలాలి.

పాతకాలపు చేతులు దీనికొక ఉపాయం పట్టాయి. ఎమినెన్స్ ఆల్ఫా 15ఏ లాంటి 15 అంగుళాల వూఫర్ తీసుకునేవాళ్లు. దాని క్యూటీఎస్ 1.26. అంటే తన సొంత ఊపుతోనే 41 హెర్ట్జ్ దగ్గర గొంతు పెంచుకునే రకం. ఒక జబ్బుతో ఇంకో జబ్బును కుదిర్చినట్టన్నమాట. పని జరుగుతుంది, కాదనను. కానీ ఆ చికిత్సలో ఊపు ఒకచోట మొదలైతే ఆగదు, మృదంగం తొప్పి పలికాక కూడా చప్పుడు సాగుతూనే ఉంటుంది.

కంప్యూటర్ వచ్చాక ఈ విద్యకు విముక్తి సులువైంది. రాగి తీగ చుట్టలు, కెపాసిటర్లతో చేసే పాత క్రాసోవర్ శబ్దాన్ని తగ్గించగలదే గానీ లేపలేదు. 12 డీబీల బేస్ కావాలంటే మిగతా గొంతంతా 12 డీబీలు తొక్కాల్సిందే. పైగా వాయిస్ కాయిల్ వేడెక్కితే దాని నిరోధం మారుతుంది, లెక్క తప్పుతుంది. కంప్యూటర్ దారి వేరు. పాట అంకెల రూపంలో ఉండగానే దాన్ని మూడు నాలుగు ముక్కలుగా విడదీస్తారు. ఒక్కో ముక్కను దిద్ది, 8 ఛానెళ్ల సౌండ్ కార్డు గుండా ఒక్కో డ్రైవర్‌కు ఒక్కో ఆంప్లిఫయర్‌తో పంపిస్తారు. ఇక డ్రైవర్ ఎంచుకునేటప్పుడు క్యూటీఎస్‌కు భయపడక్కర్లేదు. కోన్ ఎంత దూరం శుభ్రంగా కదలగలదో చూసుకుంటే చాలు.

ఈ దారి వేసినవాళ్లకు రుణపడి ఉన్నాం. మామూలు కంప్యూటర్లలో పొడవాటి ఫిల్టర్లను పరిగెత్తించవచ్చని ఆండర్స్ టోర్గర్ బ్రూట్ ఎఫ్‌ఐఆర్‌తో చూపించారు. హెన్రిక్ ఎన్‌క్విస్ట్ రాసిన కమిల్లా డీఎస్పీ అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై మీద కూడా నడుస్తుంది. ఏ ఛానెల్‌కు ఏ ఫిల్టరో ఒక చిన్న ఫైల్‌లో రాస్తే చాలు. జాన్ మల్కహీ చేసిన రూమ్ ఈక్యూ విజార్డ్ కొలతలు తీసి గ్రాఫు గీసి ఇస్తుంది. ఈ మూడింటినీ పైసా ఖర్చు లేకుండా తెచ్చుకోవచ్చు. కోట్ల కంపెనీలు ఇవ్వనిది ఈ ముగ్గురు మనుషులు ఇచ్చారు.

పెద్దాయన పని చేసే తీరు చూడటం ఒక భాగ్యం. పలక కోయించగానే డ్రైవర్లు బిగించి, బరువైన స్టాండు మీద నిలబెట్టి, తెల్లవారుజామున మేడ మీదికి మోయిస్తారు. ఆ వేళ ఆటోలు ఉండవు, ఆరుబయట గోడల ప్రతిధ్వని ఉండదు. డ్రైవర్ నేలకు నాలుగడుగుల పైన, మైకు మీటరు దూరంలో ఉంటుంది. నేలకు తగిలి వచ్చే శబ్దం అసలు శబ్దం కన్నా సుమారు 5 మిల్లీసెకన్లు ఆలస్యం. అది చేరేలోపే కొలతను కత్తిరిస్తారు. 200 హెర్ట్జ్ పైన వచ్చిన గీత అచ్చంగా స్పీకర్‌దే. ఎదురుగా ఒకటి తీసి ఊరుకోరు. 15 డిగ్రీలకొకసారి పలకను తిప్పుతూ చుట్టూ కొలుస్తారు. 90 డిగ్రీల దగ్గర గీత బావిలో పడ్డట్టు పడితే ఆయన ముఖంలో ఒక చిరునవ్వు.

తర్వాత విభజన. ఎల్-ఆర్ 24 అంటే క్రాసోవర్ చోట రెండు డ్రైవర్లూ చెరో 6 డీబీలు తగ్గి, ఒకే తాళంలో కలిసి, మొత్తాన్ని చదునుగా నిలబెట్టడం. ఇద్దరు సన్నాయి విద్వాంసులు ఒకరి ఊపిరి అయిపోయే చోట ఇంకొకరు అందుకుంటే వినేవాడికి అతుకు తెలియనట్టు. ఇద్దరూ ఒకే క్షణంలో వినిపించాలి కాబట్టి ఆలస్యం దిద్దాలి. ట్వీటర్ మూడున్నర సెంటీమీటర్లు ముందుంటే దాన్ని సెకనులో పదివేలవ వంతు ఆపి వదలాలి. 48 కిలోహెర్ట్జ్‌లో ఒక్క శాంపిల్ అంటే 7 మిల్లీమీటర్ల దూరం. రంపం చేయలేని పనిని అంకె చేస్తుంది! చివరగా ట్వీటర్‌కు వరసలో ఒక కెపాసిటర్ తప్పకుండా పెడతారు. ఛానెళ్లు పొరపాటున తారుమారైతే బేస్ మొత్తం ట్వీటర్ మీద పడి క్షణంలో కాల్చేస్తుంది. ఆ చిన్న కాపలా పెట్టనివాడి పనిని ఆయన పని అనరు.

గదిలో వెనక గోడకు కనీసం మీటరు ఇవతల నిలబెట్టాలి. అప్పుడు వెనక శబ్దం గోడకు తగిలి 6 మిల్లీసెకన్లు ఆగి వస్తుంది, చెవి దాన్ని గది విశాలతగా వింటుంది. పక్కలకు శబ్దం పోదు కాబట్టి ఎదురుగా అంతే మోతాదు వినిపించినా, నలువైపులా చిమ్మే స్పీకర్‌తో పోలిస్తే గదిలో పోసే శక్తి మూడో వంతే. అందుకే మన సిమెంటు గోడలు, గచ్చు నేలల హాళ్లలో కూడా బేస్ బురదగా ఉండదు. ఈమని శంకరశాస్త్రి గారి వీణ మీటు విన్నాను ఆ స్పీకర్లలో. తీగ మీద వేలు జారే చప్పుడు, బుర్ర లోతు, వెనక తంబురా, దేనికదే తన చోట కూర్చుంది. లక్షలు పోసిన పెట్టె స్పీకర్లలో ఆ మీటు నాకు ఎప్పుడూ అలా దక్కలేదు.

మరి బయట ఏం జరుగుతోంది? చెప్పాలంటే కడుపు మండుతుంది. వేల వాట్ల పీఎంపీవో అని అట్టపెట్టె మీద అచ్చేసి, లోపల అరచేయంత కాగితం కోన్ పెట్టి అమ్ముతున్నారు. దాన్ని బేస్ అని నమ్మిన పిల్లలు పెరిగి పెద్దయ్యారు. అంతకన్నా నాకు కోపం తెప్పించేది మావాళ్ల పేరు పెట్టుకుని చేసే మోసం. ఒక మంచి టేకు పలక, నున్నటి పాలిష్, మధ్యలో చవకబారు ఫుల్ రేంజ్ డ్రైవర్ ఒకటి, పేరు 'ఓపెన్ బ్యాఫిల్'. సరిగ్గా గుండ్రటి పలకకు సరిగ్గా నడిమధ్య బిగించినదాన్ని నేనొక చోట చూశాను. అంచు అన్ని వైపులా ఒకే దూరంలో ఉంటే అన్ని దారుల లోపమూ ఒకే హెర్ట్జ్ దగ్గర పోగై ఎదురుగా పెద్ద గొయ్యి పడుతుందని ఆ చేసినవాడికి ఎవరూ చెప్పలేదు. దిద్దుబాటు లేదు, కొలత లేదు, బేస్ లేదు. అడిగితే "ఓపెన్ బ్యాఫిల్ అంటే ఇంతేనండి, గాలి సౌండు" అన్నాడు. వందల ఉదయాలు మేడ మీద కొలతలు తీసినవాళ్ల కష్టాన్ని ఆ ఒక్క మాట బూడిదలో పోసింది. అది విన్నవాడు జన్మలో మళ్లీ పలక స్పీకర్ గడప తొక్కుతాడా?

ఇంకో రకం ఉన్నారు. ఎల్ఎక్స్521 పలకను అచ్చుగుద్దినట్టు కోసి, అసలు డ్రైవర్లు ఖరీదని వేరేవి బిగించి, పాత ఫిల్టర్లే ఎక్కిస్తారు. వేరేవాళ్ల కళ్లజోడు పెట్టుకుని లోకం మసకగా ఉందన్నట్టు. డ్రైవర్ మారితే లెక్క మొత్తం మారుతుంది. ఒకప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో కెపాసిటర్లు ఏరుకుని రాత్రంతా కూర్చుని ఆంప్లిఫయర్లు కట్టిన కుర్రాళ్ల ఊరు మనది. ఇవాళ అంతకన్నా ఎన్నో రెట్లు శక్తి ఉన్న కంప్యూటర్ ప్రతి ఇంట్లో ఉంది, కొలిచే ఓపిక మాత్రం కరువైంది.

అందుకే నా విన్నపం. ఎవరైనా ఓపెన్ బ్యాఫిల్ అని చూపిస్తే పక్కకు నడిచి చూడండి, కానీ అక్కడే ఆగిపోకండి. ఆ పరీక్ష ఏ చెక్కముక్కైనా నెగ్గుతుంది. తిరిగి ముందుకొచ్చి గ్రాఫు అడగండి. 40 హెర్ట్జ్ దగ్గర ఎంత ఉందో, 15, 30, 45 డిగ్రీల్లో గీత ఎలా ఉందో అడగండి. చూపించలేనివాడి దగ్గర పైసా పెట్టకండి. ఇంజనీరింగ్ చదివే పిల్లలున్న ఇంట్లో ఒక కొలత మైకు కొనివ్వండి, రెండు పలకలు కోయించి ఇవ్వండి. ఫిల్టర్ల పాఠం తరగతిలో మార్కుల కోసం చదివినవాడికి అది చెవిలో పలికితే చదువే మారిపోతుంది.

పెద్దాయన పలకల వెనక పెన్సిల్ రాతలున్నాయి. కొలిచిన తేదీ, కోణం, డీబీలు, తప్పుపోయిన చోట కొట్టివేతలు. వెనక మూత లేదు కాబట్టి వచ్చినవాళ్లు ఎవరైనా చదువుకోవచ్చు. నేను బయల్దేరుతుంటే తన ఫిల్టర్ల ఫైల్ పెన్‌డ్రైవ్‌లో వేసి చేతిలో పెట్టారు. "ఇవి నా డ్రైవర్లకి. మీవి మీరు కొలుచుకోండి" అన్నారు.