ఏ జీరో జీరో జీరో

తిరువూరులో నా దగ్గరికి సీ నేర్చుకోవడానికి వచ్చే ఇంజినీరింగ్ పిల్లల ల్యాబ్ రికార్డుల్లో టర్బో సీ ఇంకా బతికే ఉంది. గీత గీయండి, వృత్తం గీయండి, కారు నడపండి. అన్నీ గ్రాఫిక్స్ డాట్ హెచ్ చలవే. కారు కదిలినప్పుడల్లా తెర మిణుకుమంటుంది. ఎందుకని అడిగితే సిస్టమ్ పాతది సార్ అంటారు.

సిస్టమ్‌ది కాదు తప్పు. అందుకే ముందు మోడ్ 13హెచ్ చూపిస్తాను. 1987లో ఐబీఎం వీజీఏతో వచ్చింది. అడ్డం 320 చుక్కలు, నిలువు 200, రంగులు 256. చుక్కకో బైటు చొప్పున 64,000 బైట్లు ఏ000 సెగ్మెంట్ నుంచి వరసగా ఉంటాయి. వైని 320తో గుణించి ఎక్స్ కలిపితే చుక్క చోటు దొరుకుతుంది. అక్కడ 4 వేస్తే ఎరుపు. అంతే! అదే పని బయాస్ ఇంటరప్ట్‌తో చేయించడమంటే, మైలవరం మీదుగా బెజవాడకు పల్లెవెలుగు ఎక్కడమే. చేరతాం, కానీ 64,000 సార్లు చేరాలి కదా. ఆ రోజుల్లో గుణకారమూ బరువే. 320 అంటే 256, 64 కలిసిందే కాబట్టి వైని ఎనిమిది బిట్లు ఒకసారి, ఆరు బిట్లు ఒకసారి ఎడమకు జరిపి కూడేవాళ్లం.

ఈ దారిలో అడ్డుకునేవాడు లేడు. ఎక్స్ 325 అని ఇస్తే చుక్క కింది వరసలో 5 దగ్గర తేలుతుంది. వై 205, ఎక్స్ 0 ఇస్తే 65,536 దాటిపోయి, మళ్లీ మొదటి వరసలో 64 దగ్గర ప్రత్యక్షం. పిల్లలు నవ్వుతారు. మెమరీ అంటే ఏమిటో ఇంతకన్నా బాగా చెప్పే పాఠం నాకైతే కనబడలేదు.

విచిత్రమేమిటంటే, చేయి తిరిగాక ఎవరూ చుక్క చుక్కా నేరుగా రాయరు. మామూలు ర్యామ్‌లో 64,000 బైట్ల జాగా తీసుకుని, బొమ్మంతా అక్కడే గీసి, ఒక్క మెమ్‌కాపీతో దించేస్తారు. అప్పటి కార్డుల మెమరీ ర్యామ్ కన్నా నిదానం, అందులోంచి చదవడం మరీ నిదానం. 3డీఏ పోర్టులో రిట్రేస్ బిట్ చూసుకుని, తెర ఒక బొమ్మ ముగించి మళ్లీ పై అంచుకు వెళ్లే ఆ సందులో దించితే కారు మిణుకు లేకుండా సాగుతుంది. వేగమంతా నేరుగా రాయడంలోనే ఉందనుకునేవాళ్లకు ఇది మింగుడుపడదు.

ఇప్పటి విండోస్ మామూలు ప్రోగ్రాముని ఆ చిరునామా దరిదాపులకు రానివ్వదు. డాస్‌బాక్స్ వీజీఏలా నటిస్తుంది, మాకు అది చాలు.

ఈ వారం పిల్లలకిచ్చిన పని: వీజీఏ అక్షరాల్లో తెలుగు లేదు గనక, 16 గళ్ల చదరంలో ‘త’ను చుక్కలుగా పేర్చి, గ్రాఫిక్స్ డాట్ హెచ్‌లోని పుట్‌పిక్సెల్ ముట్టకుండా తెర కుడి అంచున వేయమన్నాను. అంచు దాటిన తలకట్టు ఎక్కడ తేలుతుందో ముందే కాగితం మీద లెక్కేసి తేవాలి.