మెట్టకెక్కిన నెత్తళ్ళు

అనంతపురం జిల్లా బెళుగుప్ప నుంచి తూర్పుకు సూటిగా గీత గీస్తే నెల్లూరుకు ఉత్తరాన సముద్రతీరం తగులుతుంది. పడమరకు గీస్తే కర్ణాటకలో కారవార. రెండు గీతలూ దాదాపు సమానం. ఒక్కోటీ 300 కిలోమీటర్లకు పైమాటే. సముద్రానికి ఇంతకంటే దూరం జరుగుదామన్నా ఈ వరుసలో చోటు లేదు. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్పనుకునే జిల్లా, కంటికందినంత మేర చెనిక్కాయ చేలు. మా అవ్వ సముద్రాన్ని చూడకుండానే పోయింది. అయినా సంతలో ఒట్టి చేపల గుట్ట ముందు కూర్చుంటే మాత్రం ఆ చేప ఎండకు పడేనాటికి ఏ స్థితిలో ఉందో చెప్పేసేది.

ఒట్టి చేపలంటే ఎండు చేపలే. ఎండు మిరపకాయను ఒట్టి మిరపకాయ అన్నట్టే ఇదీ. వాటిలో మా వైపు ఇళ్ళకు బాగా చేరువైనవి నెత్తళ్ళు. చిటికెన వేలంత ఉండే ఈ చేప గుంపులు గుంపులుగా ఒడ్డు దాకా వస్తుంది. అందుకే లోపలి సముద్రానికి పోకుండా ఒడ్డునుంచే పట్టే పెద్దవలకు ఇది ఏనాటినుంచో చిక్కుతోంది. వల తాడు ఒక కొస ఒడ్డున ఉంచి, పడవ మీద సముద్రంలోకి అర్ధచంద్రంలా తిప్పుకుంటూ వల వదిలి, రెండో కొసను కొంత దూరంలో మళ్ళీ ఒడ్డుకే చేరుస్తారు. ఆ తరువాత రెండు జట్లుగా నిలబడి లాగుతారు. నడుమ ఉన్న సంచి ఇసుక మీదికి వచ్చేసరికి అందులో నెత్తళ్ళు, కవ్వలు, ఇంకా నానా చిన్న చేపలు కలిసి మెరుస్తుంటాయి. ఇప్పుడు మోటారు పడవల సరుకే ఎక్కువ. కానీ ఎండబెట్టే పద్ధతి పెద్దగా మారలేదు.

నెత్తళ్ళకు సాధారణంగా ఉప్పు పెట్టరు. సన్నటి చేప కాబట్టి మంచి ఎండలు కాస్తే ఒకటి రెండు రోజుల్లోనే గలగలమంటుంది. కానాగంతల్లాంటి ఒళ్ళున్న చేపల్ని మాత్రం చీల్చి ఉప్పులో వేయాల్సిందే. ఉప్పు మీద పన్ను ఉన్న రోజుల్లో మద్రాసు ప్రెసిడెన్సీ తీరం పొడవునా చేపలకు ఉప్పు పెట్టే సర్కారు యార్డులుండేవి. అక్కడ జాలర్లకు పన్ను లేని ఉప్పు దొరికేది. 1907లో ఫ్రెడరిక్ నికల్సన్ పూనికతో మొదలైన మద్రాసు ఫిషరీస్ బ్యూరో కూడా ఈ ఎండబెట్టే పని మీద చాలా శ్రద్ధ పెట్టింది. చిన్న చేపకు ఆ ఉప్పు గొడవే లేదు. ఎండే దాని ఉప్పు.

ఇక గుర్తుపట్టడం. నెత్తలి పక్కల మీద తోక దాకా వెండి తీగ లాంటి చార ఒకటి ఉంటుంది. ఎండినాక కూడా అది పోదు. మూతి కింది దవడను దాటి ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది, నోరు కంటి వెనక దాకా చీలి ఉంటుంది. గుట్టలో కవ్వ పిల్లలు కలిసి ఉంటే పొట్ట కింద వేలితో నిమిరి చూడాలి. కవ్వకు పొట్ట అంచు పొడవునా రంపపు పళ్ళలా గరుకు తగులుతుంది. నెత్తలికైతే ముందు రెక్కల దగ్గర నాలుగైదు సన్న ముళ్ళుంటే ఉంటాయి, ఆ వెనకంతా నున్నగా ఉంటుంది. కవ్వ తినకూడనిదేమీ కాదు. నూనె ఎక్కువ కాబట్టి త్వరగా కారుతుంది, అంతే. నెత్తళ్ళ ధర పెట్టి కవ్వలు కొనడం ఎందుకని!

మంచిచెడ్డలు చూసే తీరు అవ్వది ఒకటుంది. మొదట గుప్పెడు తీసి పైనుంచి వదిలేది. గలగలమనాలి. మెత్తగా జారితే తేమ ఉన్నట్టు. తరువాత ఒకదాన్ని నడుముకు విరిచేది. టక్కుమని విరగాలి, వంగకూడదు. ఆ పైన పొట్ట చూసేది. పొట్టలు పగిలినవి ఎక్కువుంటే లేచి వచ్చేసేది. ఎందుకో అవ్వ చెప్పలేదు కానీ కారణం గట్టిదే. పట్టిన వెంటనే ఎండకు వేయకపోతే లోపలి రసాలు పొట్ట గోడను కరిగించేస్తాయి. అలా ఆలస్యమైన నెత్తళ్ళు, కవ్వలు, కానాగంతల్లో హిస్టమిన్ అనే పదార్థం పెరుగుతుంది. తిన్నాక ఒళ్ళు దద్దుర్లెక్కి, ముఖం ఎర్రబడి, తలనొప్పి పుట్టేది దానివల్లే. ఎంత ఉడికించినా అది పోదు. కాబట్టి ఆ పరీక్ష సంతలోనే జరగాలి, పొయ్యి మీద కాదు.

రంగు తెలుపు, వెండి కలిసినట్టుండాలి. పసుపు, తుప్పు రంగు వస్తే నూనె కారిందని. ఉప్పు చేప మీద గులాబీ రంగు కనబడితే ఉప్పులో బతికే సూక్ష్మజీవులు చేరాయని. వాసన సముద్రపు వాసనలా ఉండాలి గానీ ముక్కును పొడిచేలా ఉండకూడదు. అసలు వాసనే లేకుండా, పురుగన్నదే లేకుండా నిగనిగలాడే గుట్టను చూస్తే నాకు అనుమానం. పురుగు పట్టకుండా మందు చల్లే వాళ్ళూ ఉన్నారు.

ఇంటికి తెచ్చాక ఇసుకతో పోరు. ఒడ్డున ఇసుక మీదే ఆరబోసిన సరుకైతే మరీనూ. తలను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి మెల్లగా వెనక్కి వంచి లాగితే దానితో పాటు నల్లటి పేగు దారంలా వచ్చేస్తుంది. చేదు, ఇసుక సగం దానితోనే పోతాయి. తరువాత పెనం మీద సన్న సెగన నూనె లేకుండా వేయించాలి. ఇల్లంతా వాసన, పక్కింటి వాళ్ళ తలుపు చప్పుడు, ఇవి మామూలే. వేగిన వాటిని గోరువెచ్చని నీళ్ళలో వేసి రెండు చేతులతో పులిమి, పైకి తేలిన వాటిని తీసుకుని అడుగు నీళ్ళు పారబోయాలి. గిన్నె అడుగున వేలికి గరుకు తగలనంత వరకు ఇదే పని. నానబెట్టే పొరపాటు చేయకండి. ముద్దైపోతాయి.

కూరలో వంకాయ దీనికి సరైన జోడు. ఎర్రగడ్డ వేగాక వంకాయ ముక్కలు, అవి సగం మగ్గాక చింతపండు పులుసు, చివరి అయిదు నిమిషాల్లో నెత్తళ్ళు. ముందే వేస్తే విరిగి ముళ్ళన్నీ పులుసులో కలుస్తాయి. వేసవిలో కూరగాయ దొరకనప్పుడు వేయించిన నెత్తళ్ళు, చెనిక్కాయ విత్తనాలు, ఒట్టి మిరపకాయలు, తెల్లగడ్డ, కాస్త చింతపండు కలిపి రోట్లో నూరుకున్నా చాలు. రాగి సంగటి ముద్దలో గుంట చేసి అది పెట్టుకుంటే నాకు వేరే కూర అక్కర్లేదు. ముళ్ళతో సహా తింటాం కాబట్టి కాల్షియం దండిగా అందుతుంది. ఎండు చేప బరువులో సగానికి మించి మాంసకృత్తులే. పాలు, పప్పు కొనలేని కరువేళ ఈ లెక్క ఎవరూ చెప్పకుండానే మా ఊళ్ళకు తెలిసింది. రక్తపోటు ఉన్నవాళ్ళు మాత్రం ఉప్పు చేపల జోలికి పోకపోవడమే మంచిది.

ఇప్పుడు మా బెళుగుప్ప మండలంలోనే జీడిపల్లి జలాశయం ఉంది. శ్రీశైలం వెనకనీటి నుంచి హంద్రీ-నీవా కాలువ మీద కృష్ణా నీళ్ళు అక్కడికి చేరుతున్నాయి. బొచ్చె, శీలావతి పచ్చివే దొరుకుతుంటే ఈ వాసన చేపలెందుకని పిల్లలు అడుగుతారు. రెండింటి రుచీ ఒకటి కాదు, రెండూ తినొచ్చు. నెత్తళ్ళు కొనదలిస్తే తూర్పు తీరంలో మోటారు పడవలకు వేట నిషేధం మొదలయ్యే ఏప్రిల్ 15కు ముందే కొనిపెట్టుకోండి. తెచ్చిన రోజే ఒక పూట మిద్దె మీద ఎండకు వేసి, చల్లారాక మూత గట్టిగా పట్టే సీసాలోకి ఎత్తండి. వానలు మొదలయ్యే ముందు ఇంకొక్కసారి ఎండ చూపిస్తే సరి.